మ.రా.రా.శ్రీ 14 నంబర్ నట్టు గారికి

నెల్లూరు,
ఆదివారం, పొద్దుగూకాక.

మహారాజరాజశ్రీ నట్టు గారి దివ్యసముఖమునకు,

కారు సైలెన్సర్ పైపు, ఇంజను పొగనంతా పోగేసే మేనిఫోల్డును కలిసే చోట, ఎడమవైపు పీఠం వేసుకుని కూర్చున్న తమరికి నమస్కరించి వ్రాయునది ఏమనగా... ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నా. కానీ ఇక్కడ నా కుడిచేతి మూడు మెటికల మీద తోలు లేదు, అక్కడ తమరు రెండు ముక్కలై ఉన్నారు. కాబట్టి కుశలం సంగతి వదిలేద్దాం.

అసలు గొడవ తమరితో మొదలవలేదు. పొద్దున్నే కారు స్టార్ట్ చేస్తే టక టక టకమని కుట్టుమిషను తొక్కినట్టు చప్పుడు. మినీ బైపాస్ ఎక్కేసరికి మాయం. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేటప్పటికి ఇంజను వేడెక్కి ఉంటుంది కదా, ఇక నోరు మెదపదు. రాత్రంతా ఏడ్చి డాక్టర్ ఎదుట నవ్వే పిల్లాడి వ్యవహారం. ఆయన బానెట్ పూర్తిగా ఎత్తకుండానే "ట్యాపెట్లు సార్, ఇంజను విప్పాలి" అన్నాడు. రెండు రోజుల్లో ఫోన్ చేస్తానన్నాడు. ఏ నెలలో రెండు రోజులో చెప్పలేదు.

పక్కింటాయన "బుల్లెట్ ఏమన్నా కొన్నారా?" అని గోడ మీదుగా అడిగాడు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన ప్రకారం ప్రతి బండికీ చప్పుడు తగ్గించే సైలెన్సర్ ఉండి తీరాలి. ట్రంకు రోడ్డులో దాన్ని పీకేసి తిరిగే కుర్రాళ్లకి ఆ సంగతి తెలియదు, టెన్షన్ లేదు. తెలిసిన నాకే బీపీ.

సరే, చల్లగా ఉన్నప్పుడు మోగి, వేడెక్కితే ఊరుకుంటోందంటే ఎక్కడో సందు ఉంది. ఇనుము వేడికి ఉబ్బి ఆ సందు మూసుకుంటోంది, చల్లారాక మళ్లీ తెరుచుకుంటోంది. ఇంతవరకు నా బుర్రకే తట్టింది. ఎక్కడుందో కనుక్కోడానికి మా ఆవిడ వ్యాక్యూమ్ క్లీనర్ తీసుకున్నా (అడిగి కాదు). గాలి బయటికి కొట్టే వైపు గొట్టం తగిలించి, పాత తువ్వాలుతో సైలెన్సర్ మూతికి చుట్టి కట్టా. ఇంజను ఆపేసి, పూర్తిగా చల్లారాకే లెండి. గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్లలో కలిపి అతుకుల మీద ఒక్కోచోట చల్లుకుంటూ వచ్చా. వెనక డబ్బా దగ్గర ఏమీ లేదు. మధ్య క్లాంపు దగ్గర ఏమీ లేదు. తమరి సన్నిధికి వచ్చేసరికి చేపల పులుసు దగ్గరపడేటప్పుడు ఉడికినట్టు బుడబుడా బుడగలు. టార్చి వేసి చూస్తే ఆ అతుకు చుట్టూ కాటుక దిద్దినట్టు సన్నగా మసి. ప్యాకింగ్, అంటే అతుకులోంచి పొగ కారకుండా మధ్యలో పెట్టే రింగు, పోయింది.

చిన్న చప్పుడే కదా అని వదిలెయ్యొచ్చు. మా మామగారు అదే అన్నారు. కానీ ఆ సందులోంచి వచ్చేదాంట్లో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీలోంచి వచ్చే కంపు దానితో పాటు వచ్చే మిగతా పొగది. వెనక సీట్లో పిల్లలు కూర్చుంటారు. అది చాలదన్నట్టు, ఆ అతుక్కి జానెడు కింద ఆక్సిజన్ సెన్సర్ ఉంది. సందులోంచి బయటి గాలి లోపలికి దూరితే, ఆ సెన్సర్ "పెట్రోలు చాలడం లేదహో" అని కబురు పెడుతుంది. కంప్యూటర్ నిజమేననుకుని ఇంకాస్త పోస్తుంది. లీటరుకి 17 ఇచ్చే కారు 14కి దిగింది.

ప్యాకింగ్ ఖరీదు 210 రూపాయలు. "చెన్నై నుంచి రావాలి సార్, రేపు సాయంత్రానికి మీ చేతిలో ఉంటుంది" అన్నాడు షాపాయన. చెన్నై ఇక్కడికి నాలుగు గంటల దారి. తొమ్మిదో రోజు వచ్చింది. ఆయన్ని కూడా క్షమించేశా. ఎందుకంటే నాకప్పటికి తమరి పరిచయభాగ్యం కలగలేదు.

ఇవాళ ఉదయం పదకొండింటికి, జాకీ ఎత్తి, స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం వేసి (జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరే మహానుభావులకి వేరే ఉత్తరం రాయాలి) వెల్లకిలా పడుకున్నా. రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ అంటారు. రోళ్ల సంగతి నాకు తెలియదు, తమరు మాత్రం పగల్లేదు.

ఆ అతుక్కి ఉన్నవి రెండే నట్లు. కుడివైపున్న తమరి కవల సోదరుడు ఒక్క కిర్రుతో వచ్చేశాడు. స్టాపు రాకముందే లేచి నిలబడే పెద్దమనిషి. ఆ ఊపులో "అరగంటలో అయిపోద్ది, మటన్ తెస్తా" అని లోపలికి కేకేశా. ఆ కేక ఇప్పుడు వీధిలో అందరికీ గుర్తుంది.

తమరికి 14 పానా పెట్టా. వదులు. 13 పెట్టా. ఎక్కదు. తుప్పు తిని తిని తమరు పదమూడున్నర అయి కూర్చున్నారు. ఆ సైజు పానా నా పెట్టెలో లేదు, ఈ వీధిలో ఎవరి పెట్టెలోనూ లేదు. పదమూడు పానాని సుత్తితో కొట్టి ఎక్కించా. అప్పటికే మూడు రాత్రులుగా తమరికి తుప్పు వదిలించే నూనెతో అభిషేకం జరుగుతోంది. పెద్దలు చెప్పినట్టు విప్పే ముందు వెంట్రుకవాసి బిగించి చూశా. పక్కల నుంచి సుత్తితో తట్టి బతిమాలా. బోరు మోటారు తాలూకు ఇనప గొట్టం పానాకి తొడిగి, కాలు స్టాండుకి తన్నిపెట్టకుండా జాగ్రత్తగా, ఊపిరి బిగబట్టి లాగా. ఠప్పుమంది. వచ్చేశారనుకున్నా. పానా జారి, నా చెయ్యి వెళ్లి కారు కింద అడ్డంగా ఉండే ఇనప దూలానికి కొట్టుకుంది. టార్చి వేసి చూద్దును కదా, తమరి ఆరు మూలలూ పోయి, అప్పుడే కొండ మీంచి దిగొచ్చినట్టు నున్నటి గుండు.

తప్పంతా తమరిదేనని అనను. నెలకి రెండుసార్లు మైపాడు తీసుకెళ్లి ఉప్పుగాలి పట్టించింది నేనే. వానాకాలంలో రైల్వే అండర్ బ్రిడ్జి కింద నీళ్లలోంచి కాలుతున్న పైపుతో కారు దూకించిందీ నేనే. తుప్పు పట్టాక ఇనుము మునుపటికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మరల సందుల్లో తమరు ఒళ్లు చేశారు. అద్దెకి దిగి ఇల్లు రాయించుకునే రకం అన్నమాట. ఇదంతా నాకర్థమవుతుంది. అర్థమైతే నట్టు ఊడొస్తుందా!

పన్నెండున్నరకి మామగారు కుర్చీ తెచ్చుకుని కారు పక్కనే కూర్చున్నారు. "పదిహేను వందలు పడేస్తే అయిపోయేదానికి..." అన్నారు. ఒంటిగంటకి అదే మాట. రెండింటికి మా ఆవిడ వచ్చి నా కాళ్లతో మాట్లాడింది, బయటికి కనపడేవి అవే కాబట్టి. "రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో ఉద్యోగ రొట్టె, ఇంటి రొట్టె, పెళ్లి రొట్టె అన్నీ పడతారు. ఈసారి నట్టు రొట్టె ఎవరన్నా వదులుతున్నారేమో చూడు" అని వెళ్లిపోయింది. కారు కింద ఉన్నవాడికి జవాబు చెప్పే హక్కు లేదు.

నాలుగింటికి ఓడిపోయి ఫోన్ చేస్తే ఆటోనగర్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయో లేవో. ఒక చెవిలో పాట. చేతిలో ఒక సుత్తి, ఒక ఉలి, అంతే. నా పానాల వరుస, నూనె డబ్బా, బోరు గొట్టం అన్నిటినీ ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు. చెప్పులు విడిచి కిందికి దూరాడు. ఉలిని తమరి ఒక పక్కన, బోల్టుకి తగలకుండా నిలబెట్టాడు.

ఠంగ్. ఠంగ్.

తమరు రెండు ముక్కలై వాడి అరచేతిలో పడ్డారు.

"ఏంది సార్, దీనికా ఇంతసేపు?"

ఒరే నట్టూ! ఐదు గంటలురా! మూడు రాత్రులు నూనె పోసింది ఎవరు? వెంట్రుకవాసి బిగించి బతిమాలింది ఎవరు? రక్తం కార్చింది ఎవరు? నాకు లొంగకపోతే పోయావు, మొండోడివని సరిపెట్టుకునేవాణ్ణి. పేరు కూడా తెలియని కుర్రాడి రెండు దెబ్బలకి, వాడి చెవిలో పాట పల్లవి పూర్తి కాకముందే, మా మామగారి ఎదురుగా విడిపోతావా? ఇంకో అరగంట వాణ్ణి కూడా ఏడిపించి ఉంటే నీ సొమ్మేం పోయింది? కనీసం పది నిమిషాలు! వాడికి ఒక్క చెమటచుక్క పట్టనిచ్చి ఉంటే నేనీ పూట తలెత్తుకుని భోంచేసేవాణ్ణి కదరా. ఉలి నా పెట్టెలో కూడా ఉంది. బోల్టు పాడవుతుందేమోనని భయపడి తియ్యలేదు. నా భయం నీకు తెలిసిపోయింది, అదీ సంగతి.

వాడు కొత్త బోల్టులు, ఇత్తడి నట్లు తెప్పించాడు. ఇత్తడి తుప్పు పట్టదు, ఇనుముతో కరుచుకుపోదు, మళ్లీ విప్పాలన్నా విప్పొచ్చు అని చెప్పాడు. ప్యాకింగ్ కూర్చోబెట్టి రెండు వైపులా కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాడు. వంద రూపాయలు తీసుకున్నాడు, చెంబెడు నీళ్లు తాగాడు, వెళ్లిపోయాడు. స్టార్ట్ చేస్తే పక్కింటి గేటు కిర్రుమనడం వినపడింది.

తమరి ముక్కలు ఇప్పుడు నా ఎదుటే ఉన్నాయి. పైన అంతా పొక్కులు, పొలుసులు, ముట్టుకుంటే వేళ్లకి ఎర్రటి పొడి. లోపల చూస్తే రెండు మూడు మరలు ఇంకా తళతళలాడుతున్నాయి. 2009లో ఫ్యాక్టరీలో ఎవడో బిగించి వెళ్లాక తమర్ని ఎవరూ ముట్టుకోలేదు. పట్టుకుని ఉండమన్నాడు, పట్టుకుని ఉన్నారు. ప్యాకింగ్ చచ్చినా తమరు వదల్లేదు. పాత సామాన్ల బండికి వేద్దామని లేచి, మళ్లీ కూర్చున్నా. దేవుడి గూట్లో కాకపోయినా టీవీ పక్కన ఉండనిస్తా.

ఇట్లు,
తమరి పాదాల కింద ఐదు గంటలు పడి ఉన్న
కారు ఓనరు

తా.క.: మా ఆవిడ వ్యాక్యూమ్ క్లీనర్ ఆన్ చేస్తే హాల్లో సైలెన్సర్ కంపు కొడుతోంది. ఆ కేసు వేరే నడుస్తోంది.