రైన్ లోయకు వెళ్లి రూడెస్‌హైమ్ చూసి వచ్చేయకండి

ఎండలు మొదలైతే చాలు, జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల మన తెలుగు గ్రూపుల్లో ఒకటే ప్లాను చక్కర్లు కొడుతుంది. పొద్దున రైన్ ఒడ్డున రూడెస్‌హైమ్ ఊరు, రోప్‌వే మీద నీడర్‌వాల్డ్ స్మారకం, డ్రొసెల్‌గాసె సందులో ఓ గంట, మధ్యాహ్నం "కోటల క్రూయిజ్", చీకటి పడేలోపు ఇల్లు. ఇది చేసొచ్చి "రైన్ వ్యాలీ కవర్ చేసేశాం" అని స్టేటస్ పెడతారు. రూడెస్‌హైమ్ నుంచి వెళ్లొచ్చే గంటా గంటన్నర క్రూయిజ్‌లు ఎలుకల బురుజు, ఎహ్రెన్‌ఫెల్స్, రైన్‌స్టైన్ వగైరా చూపించి వెనక్కి తిప్పేస్తాయి. నది నడిమి కోట, లోరెలై అనే కొండ దగ్గరి మలుపు ఇంకా చాలా దిగువన ఉంటాయి. అసలు లోయ బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా 65 కిలోమీటర్లు. 2002లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది ఆ మొత్తం.

ఇంకో రకం వాళ్లున్నారు. కోబ్లెంజ్‌లో పొద్దున్నే పెద్ద పడవెక్కి రూడెస్‌హైమ్‌లో దిగుతారు. ఏటికి ఎదురు ప్రయాణం, దాదాపు ఆరు గంటలు. మొదటి గంట అందరూ డెక్ మీదే ఉంటారు. మూడో గంటకి సగం మంది కింద కేకు తింటూ ఫోన్లు చూసుకుంటుంటారు, కోటలు వాటి మానాన అవి పోతుంటాయి. పాపికొండలకి లాంచీ తప్ప దారి లేదు కాబట్టి అక్కడ రోజంతా లాంచీలో కూర్చోవడంలో అర్థముంది. ఇక్కడ రెండు గట్ల మీదా రైలుంది, రోడ్డుంది, సైకిల్ బాట ఉంది. నా మాట ఒకటే: పడవ గంటకు మించి వద్దు. మిగతాదంతా రైలూ, కాళ్లూ.

ఆ గంట ఎక్కడంటే బాఖరాఖ్ నుంచి సాంక్ట్ గోవార్స్‌హౌజెన్ దాకా, ఏటివాలున. పదమూడు కిలోమీటర్ల ముక్క. నది మధ్య రాతి ఓడలా నిలబడ్డ ప్ఫాల్ట్స్‌గ్రాఫెన్‌స్టైన్, ఓబర్‌వేజెల్ పట్టణం గోడ, బురుజులు, లోరెలై అన్నీ ఇందులోనే వస్తాయి. ఇదే ముక్కని ఎదురు దిశలో పోతే బాగా ఎక్కువ సేపు పడుతుంది, ప్రవాహం అంత గట్టిది. ఎక్కడున్నారో తెలియకపోతే గట్టు మీది పెద్ద కిలోమీటరు బోర్డులు చూడండి. ఎగువన కాన్‌స్టాన్స్ ఊరి వంతెన దగ్గర సున్నాతో మొదలయ్యే లెక్క అది. 546 దగ్గర నది నడిమి కోట, 554 దగ్గర లోరెలై, 580 దగ్గర మార్క్స్‌బుర్గ్ కోట. పడవలో మైకు చెప్పేది అర్థం కాకపోయినా ఈ మూడు అంకెలు చాలు.

రోజు మొత్తం ఇలా కుదురుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మైన్జ్, అక్కడ ఆర్‌బీ 26 లోకల్ రైలు ఎక్కితే ముప్పావు గంటలో బాఖరాఖ్. ఊళ్లో రెండు గంటలు. పడవ. సాంక్ట్ గోవార్స్‌హౌజెన్‌లో దిగి ఆర్‌బీ 10లో సుమారు ఇరవై నిమిషాలు, బ్రౌబాఖ్. ఆ ఊరి కొండ మీది మార్క్స్‌బుర్గ్ చూసుకుని అదే ఆర్‌బీ 10లో రూడెస్‌హైమ్ మీదుగా నేరుగా ఫ్రాంక్‌ఫర్ట్. వెళ్లేటప్పుడు ఎడమ గట్టు, వచ్చేటప్పుడు కుడి గట్టు. రెండుసార్లూ రైల్లో కుడివైపు కిటికీయే పట్టండి, నది అటే ఉంటుంది.

ఇక్కడ జనం తడబడేది గట్ల దగ్గరే. నది పారే దిక్కుకు మొహం పెట్టి నిలబడితే ఏది ఎడమో అదే ఎడమ గట్టు. ఇక్కడ రైన్ వాయవ్యంగా పారుతుంది కాబట్టి పడమటిది ఎడమ. మైన్జ్ దాటాక మళ్లీ కోబ్లెంజ్ దాకా ఒక్క వంతెన కూడా లేదు. ఆ మధ్యలో దాటాలంటే ఫెర్రీయే. మ్యాప్‌లో కుడి గట్టు మీది కౌబ్, ఎడమ గట్టు మీది బాఖరాఖ్ పక్కపక్కనే ఉన్నాయి కదా అని కౌబ్‌లో దిగితే, ఫెర్రీ ఎడమ గట్టు మీద వదిలే చోట ఊరుండదు. హైవే పక్కన రెండు మూడు కిలోమీటర్లు నడక. పిల్లలతో ఉన్నవాళ్లకి ఆ ఒక్క పొరపాటుతో పూట పోతుంది.

కోటల సంగతికొద్దాం. "నలభై కోటలు" అని ప్రతి పోస్టులోనూ ఉంటుంది, వాటిలో ఏది ఏమిటో ఎవరూ చెప్పరు. 1689లో ఫ్రెంచి సేనలు చాలావాటిని పేల్చేశాయి. సాంక్ట్ గోవార్ ఊరి మీది రైన్‌ఫెల్స్ ఒక్కటి 1692లో ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీ సేనకి లొంగలేదు. అలాంటిది 1794లో యుద్ధం లేకుండానే చేజారింది, ఆ తర్వాత ఫ్రెంచివాళ్లు దాన్ని కూడా కూల్చారు. పంతొమ్మిదో శతాబ్దంలో అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యా రాజకుటుంబానికి ఈ శిథిలాల మీద మోజు పుట్టింది. రైన్‌స్టైన్‌ని 1825లో మొదలుపెట్టి నాలుగేళ్లలో తిరిగి కట్టుకున్నారు. కోబ్లెంజ్ దగ్గరి స్టోల్‌జెన్‌ఫెల్స్ కూడా అలా లేచిందే. వాటిని నకిలీ అననక్కర్లేదు, ఆ కాలపు రాజులు మధ్యయుగాన్ని ఎలా ఊహించుకున్నారో చూడాలంటే అవే చోటు. నిజంగా మధ్యయుగపు కోట కావాలంటే మాత్రం మార్క్స్‌బుర్గ్. ఈ లోయలో కొండ మీది కోటల్లో ఎన్నడూ కూలనిది అదొక్కటే. 1900 నుంచి జర్మన్ కోటల సంఘం చేతిలో ఉంది.

మార్క్స్‌బుర్గ్‌కి స్టేషన్ నుంచి ఇరవై, ఇరవై ఐదు నిమిషాల ఎక్కుడు. లోపలికి గైడ్‌తో మాత్రమే పంపిస్తారు, టూర్ సుమారు 50 నిమిషాలు. ఎక్కువ టూర్లు జర్మన్‌లోనే. ఇంగ్లీషువి రోజుకి కొన్నే, వాటి వేళ ముందే చూసుకుని రైలు ఎంచుకోండి. లోపల గుర్రాల కోసం కొండరాతిలోనే చెక్కిన మెట్లున్నాయి, ఎగుడుదిగుడుగా, వాన పడితే జారుతూ. స్ట్రోలర్‌తో అసాధ్యం, చెప్పులతో ప్రమాదం.

ప్ఫాల్ట్స్‌గ్రాఫెన్‌స్టైన్‌లో దిగి చూడాలనుకుంటే కౌబ్ నుంచి చిన్న పడవ. 1326 ప్రాంతంలో బవేరియా లూడ్విగ్ అనే రాజు సుంకం కోసం కట్టించాడు దాన్ని. పడవ ఆగాలి, డబ్బు కట్టాలి, అంతే. అందమైన ఈ కోటల్లో చాలావాటి పని అదే, నది మీది టోల్‌గేట్లు. 1814 కొత్త సంవత్సరపు రాత్రి ప్రష్యా సేనాని బ్లూషర్ సేన నెపోలియన్‌ని తరుముతూ ఈ దీవి మీదుగానే పడవల వంతెన వేసి దాటింది. లోపల సామాను పెద్దగా లేదు, బయటి నుంచి చూసినా నష్టం లేదు. సోమవారం మూసి ఉంటుంది, వరదొస్తే చిన్న పడవ నడవదు.

లోరెలై గురించి చెబితే కొందరికి కోపమొస్తుంది. అది 132 మీటర్ల పలకరాతి కొండ, అంతే. కొండ మీద జుట్టు దువ్వుకుంటూ నావికుల్ని ముంచే సుందరి "ప్రాచీన జానపద గాథ" అని షేర్లు చేస్తుంటారు. జర్మన్ కవి బ్రెంటానో 1801లో కల్పించాడు, మరో కవి హైనే 1824 కవితతో జనంలోకి పోయింది. గురజాడకి ఓ అరవై ఏళ్ల ముందుది మాత్రమే. కొండకన్నా మలుపు గొప్పది. నది ఇక్కడ బాగా ఇరుకై, లోతెక్కుతుంది. ఎదురొచ్చే ఓడ మలుపు అవతల కనబడదు కాబట్టి ఓబర్‌వేజెల్ నుంచి సాంక్ట్ గోవార్ దాకా గట్టు మీద లైటు సిగ్నళ్లు పెట్టి నడిపిస్తారు. రేవు చివర ఆ సుందరి బొమ్మ దగ్గరికి నడిచి సెల్ఫీ తీసుకునే అరగంట మానేసి, ఎడమ గట్టున ఉర్బార్ ఊరి దగ్గర మరియా రూ అనే చోటికి వెళ్లండి. లోరెలై మొత్తం అక్కడ్నుంచే కనిపిస్తుంది. కొండ పైకెక్కినవాళ్లకి కొండ కనబడదు కదా.

బాఖరాఖ్‌లో చర్చి పక్కన మెట్లెక్కితే వెర్నర్ చాపెల్, పైకప్పు లేని ఎర్రరాతి శిథిలం. పైన ష్టాలెక్ కోటని 1689లో పేల్చినప్పుడు రాళ్లు పడి పోయింది. అందరూ ఫొటో తీసుకుంటారు, బోర్డు చదవరు. 1287లో వెర్నర్ అనే కుర్రాడు చనిపోతే యూదులే చంపారని పుకారు లేపి, ఈ లోయ పొడుగునా యూదుల్ని ఊచకోత కోశారు. ఆ కుర్రాణ్ణి సాధువుని చేసి కట్టిన గుడి ఇది. ప్రీ-వెడ్డింగ్ షూట్‌కి ఇంకో గోడ చూసుకోండి.

నీటి మట్టం సంగతి. కౌబ్ దగ్గరి కొలబద్ద ఈ నది మీద సరుకు ఓడలన్నిటికీ ప్రాణం. 2018 అక్టోబర్‌లో 25 సెంటీమీటర్లకి పడిపోయింది. అంటే మోకాలి లోతు అని కాదు, ఓడల దారిలో ఇంకో మీటరుకు పైగా నీరుంటుంది. అయినా కొన్ని రేవుల్లో పడవలు ఆగలేవు. 640 సెంటీమీటర్లు దాటితే రాకపోకలే ఆపేస్తారు. బయల్దేరే ముందు రోజు పడవ కంపెనీ సైటు చూడండి. నవంబర్ నుంచి మార్చి దాకా రోజువారీ పడవలు ఇక్కడ దాదాపు ఉండవు, అప్పుడు రైలు కిటికీయే.

డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతటికీ నెల పాసు) ఆర్‌బీ, ఆర్‌ఈ లోకల్ రైళ్లకి చెల్లుతుంది, ఐసీ ఎక్స్‌ప్రెస్‌లకి చెల్లదు. బింగెన్, బొప్పార్డ్ మధ్య అదే పట్టాల మీద ఐసీలూ పోతాయి, ప్లాట్‌ఫామ్ మీదికి ఏదొస్తే అది ఎక్కేయకండి. టికెట్ లేకుంటే జరిమానా 60 యూరోలు. పడవకి వేరే టికెట్. రూడెస్‌హైమ్, లోర్ఖ్ హెస్సెన్ రాష్ట్రం, మిగతాది చాలావరకు రైన్‌లాండ్-ప్ఫాల్ట్స్. రాష్ట్రాల డే టికెట్ కొంటే సరిహద్దు చూసి కొనండి.

తిండికి చిన్న ఊళ్లలో మధ్యాహ్నం రెండు దాటితే చాలా వంటిళ్లు మూస్తారు, మళ్లీ సాయంత్రం ఐదున్నర, ఆరుకే. శాకాహారులు ఫ్లామ్‌కూఖెన్ (పిజ్జాలాంటి పల్చటి రొట్టె) చెప్పేటప్పుడు "ఓనె ష్పెక్" (బేకన్ వద్దు) అనాలి, లేకపోతే పంది మాంసం ముక్కలతో వస్తుంది. పులిహోర డబ్బా తీసుకెళ్తే పడవలో తెరవకండి, బయటి తిండిని ఒప్పుకోని పడవలుంటాయి. బాఖరాఖ్‌లో నది ఒడ్డున పార్కు, బెంచీలు ఉన్నాయి.