చెవులపిల్లి తీగను పేరు పెట్టి పిలుద్దాం

మన సముద్రతీరాల్లో అలలు తాకే చోటికి కొంచెం పైన, పొడి ఇసుక మీద బారులుగా పాకుతూ, ఉదయం వేళ ఊదా కలిసిన గులాబీ రంగులో గరాటు లాంటి పూలు పూసే తీగను చాలామంది చూసే ఉంటారు. దానికి తెలుగులో చెవులపిల్లి తీగ అనీ, బాలబంద తీగ అనీ పేర్లున్నాయి. ఈ పేర్లు ఈనాడు తీరానికి విహారానికి వచ్చేవారి నోటా, తీరాన్ని బాగుచేయించే అధికారుల నోటా వినిపించడం అరుదు. కొందరు పిచ్చితీగ అంటారు, మరికొందరు తూటికాడ అని పొరబడతారు. పేరు తెలియని మొక్క కాబట్టే దాన్ని పీకేయడానికి ఎవరూ సంకోచించడం లేదన్నది నా దృఢమైన అభిప్రాయం.

తూటికాడతో పోల్చడం ఈ తీగకు జరుగుతున్న పెద్ద అన్యాయం. రెండూ ఒకే ప్రజాతికి చెందినవే, పూల రంగూ దగ్గరగానే ఉంటుంది. ఆ మాటకొస్తే చిలగడదుంప కూడా వీటికి చుట్టమే. కానీ తూటికాడ అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చి, మన చెరువుగట్లనూ కాలువలనూ ఆక్రమించిన మొక్క. చెవులపిల్లి తీగ ఉప్పుగాలిలో, మండే ఇసుకలో, మరో మొక్క వేరూనడానికి జంకే చోట బతికే స్థానిక మొక్క. మడగాస్కర్ నుంచి వచ్చిన బిళ్ళగన్నేరును పిల్లలు కూడా పేరుతో గుర్తుపడతారు. మన ఇసుకను పట్టి ఉంచే ఈ తీగకు ఆ మాత్రం గుర్తింపు దక్కకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇది చేసే పని ఎంత గొప్పదో ఒక్కసారి ఆలోచించండి. సముద్రం మీంచి వీచే గాలి మోసుకొచ్చే ఇసుక, నేలబారున పరుచుకున్న ఈ దళసరి ఆకుల దగ్గర వేగం తగ్గి అక్కడే పడిపోతుంది. ఇసుక పైకి వచ్చినకొద్దీ తీగ ఆ ఇసుకలోంచే పైకి పెరుగుతుంది, ప్రతి కణుపు దగ్గరా కొత్త వేళ్లు దింపుతుంది, ఒక్కొక్క తీగ 30 మీటర్ల దాకా కూడా సాగగలదు. ఇలా ఏళ్ల తరబడి పేరుకున్న ఇసుకే తిన్నె అవుతుంది. తుపాను వేళ అలలు ముందుగా కోసేది ఆ తిన్నెనే. అది లేనిచోట వాటి దెబ్బ నేరుగా రోడ్డు మీద, ఇళ్ల మీద పడుతుంది. దీని గింజలు ఉప్పునీటిలో నెలల తరబడి తేలుతూ ప్రయాణించి, దూరపు ఒడ్డున మొలకెత్తగలవు. ప్రపంచంలోని ఉష్ణప్రాంత తీరాలన్నిటా ఈ తీగ కనిపించడానికి ముఖ్య కారణం అదే.

ఉప్పాడ దగ్గర సముద్రం ఊరిని ఎలా మింగుతోందో తెలుగువారందరికీ తెలుసు. విశాఖ తీరంలో కోతను పూడ్చడానికి సముద్రగర్భం నుంచి తవ్విన ఇసుకను తెచ్చి పోయవలసి వస్తోంది. ఈ కోతను ఒక్క తీగ ఆపుతుందని నేను అనడం లేదు. దాని వెనుక రేవుల నిర్మాణం, నదుల మీద ఆనకట్టలు, ఇంకా ఎన్నో కారణాలున్నాయి. అయితే ఒకవైపు అంత ఖర్చుతో ఇసుక పోస్తూ, మరోవైపు సుందరీకరణ పేరుతో ఇసుకను ఉచితంగా కూడబెట్టే తీగను యంత్రాలతో గీకేసి, ఆ స్థానంలో మంచినీళ్లు పోస్తేగాని బతకని పచ్చిక పరవడాన్ని ఏ విధంగా సమర్థించుకోగలం? 2019 నాటి తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ ఇసుక తిన్నెలను అత్యంత సున్నితమైన ప్రాంతాల జాబితాలో చేర్చింది. తిన్నెకు రక్షణ ఉన్నప్పుడు, దాన్ని నిలబెట్టే మొక్కను చెత్తలా చూడడం ఆ నోటిఫికేషన్ ఉద్దేశానికే విరుద్ధం.

చెవులపిల్లి అంటే కుందేలు. రెండుగా చీలిన ఆకును చూస్తే నిక్కబొడుచుకున్న చెవులు గుర్తుకు రావడం వల్లే ఈ పేరు వచ్చి ఉంటుంది. అదే ఆకును మేకకాలి గిట్టతో పోలుస్తూ స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో శాస్త్రీయ నామం పెట్టాడు. పక్కనే తమిళనాట ప్రాచీన సంగం కాలపు కవులు నెయ్‌దల్ తీరభూమిని వర్ణిస్తూ ఈ తీగను అడుంబు అని పేరుపెట్టి పాడారు. దీనితో కలిసి పెరిగే ముళ్లగడ్డిని మనవాళ్లు రావణాసురుని మీసాలు అన్నారు. ఇంత చక్కగా చూసి పేర్లు పెట్టిన జాతి వాటిని మరచిపోవడం నేను ఒప్పుకోలేను.

అందుకే తీరంలోని ఉద్యానవనాల్లో, నడకదారుల పక్కన, ఈ తీగ ఉన్న ప్రతిచోటా తెలుగు పేరుతో పలక పెట్టాలని కోరుతున్నాను. తీరాన్ని శుభ్రం చేసే కార్యక్రమాలకు వెళ్లే విద్యార్థులకు, స్వచ్ఛంద కార్యకర్తలకు ప్లాస్టిక్‌ను మాత్రమే ఏరాలనీ, తీగను ముట్టుకోవద్దనీ ముందే చెప్పాలి. తిన్నె ఇప్పటికే చెదిరిపోయినచోట కణుపులున్న ముక్కలను తొలకరి వానలకు నాటితే అవి సులువుగా వేళ్లూనుతాయి. అలాగని తీరమంతా దీనితో కప్పేయకూడదు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఖాళీ ఇసుక కావాలి, దట్టమైన వేళ్లు ఆ గూళ్లలోకి చొచ్చుకుపోతే గుడ్లు పాడవుతాయి. కాబట్టి అవి ఏటా వచ్చే చోట్ల నీటి వైపు ఇసుకను అలాగే వదిలి, తీగను దాని వెనుక తిన్నె మీదనే పెరగనివ్వాలి.