రాసులు పోసి అమ్మలేదు

అమెరికాలోని మా తెలుగు సంఘం మహాసభల్లో కోహినూరు ప్రస్తావన రాకుండా పోదు. ఎవరో ఒక వక్త మైకు అందుకుని, గోల్కొండ వీధుల్లో వజ్రాలు రాసులు పోసి కుంచాలతో కొలిచి అమ్మేవారనీ, తెల్లవాడు ఎత్తుకుపోయాడనీ, వెనక్కి తెచ్చుకోవాలనీ అంటారు. చప్పట్లు మోగుతాయి. ఆ తర్వాత భోజనాలు. ఇన్నేళ్లుగా ఆ చప్పట్లలో నావీ ఉన్నాయి. ఈసారి మాత్రం చేతులు లేవలేదు, ఎందుకంటే మొన్న శీతాకాలం సెలవుల్లో ఆ వీధిని చూసి వచ్చాను.

దాని పేరు కార్వాన్. పాతబస్తీ వైపు నుంచి పురానాపూల్ దాటితే గోల్కొండకు పోయే దారి మీద ఉంటుంది. ఆ వంతెన 1578 నాటిది, అంటే చార్మినార్ కంటే పదమూడేళ్లు పెద్దది. కార్వాన్ అంటే బిడారు. పాత పేరు కార్వాన్-ఎ-సాహు, షావుకార్ల బిడారు. కుతుబ్‌షాహీల కాలంలో వజ్రాల వర్తకులూ, రాళ్లు సానపట్టేవాళ్లూ, వడ్డీ వ్యాపారులూ ఉన్న పేట అది. వజ్రాల బజారు ఎటు అని ఆటో ఆయన్ను అడిగితే, బషీర్‌బాగ్‌లో మంచి నగల దుకాణాలున్నాయి, తీసుకెళ్లమంటారా అన్నాడు. తప్పు ఆయనది కాదు. చూడటానికి అక్కడ మిగిలిందేముంది? బస్సులు, కిరాణా కొట్లు, మందుల షాపులు. ఆనాటిది కళ్లకు ఆనేది ఒక్క టోలీ మసీదు, 1671లో, మక్కా మసీదు పనులు చూసిన మూసా ఖాన్ కట్టించింది. మక్కా మసీదు పనిలో ఖర్చయిన ప్రతి రూపాయికీ ఒక దమ్మిడీ తన వాటాగా మిగుల్చుకుని దీన్ని కట్టాడని కథ. అందుకే దమ్డీ మసీదనీ పిలుస్తారు. వ్యాపారుల పేటకు తగిన కథే.

ఇక ఆ రాసుల సంగతి. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ 17వ శతాబ్దంలో ఈ రాజ్యానికి పలుమార్లు వచ్చాడు. గోల్కొండకు ఐదు రోజుల దూరంలోని రావల్‌కొండ గని దగ్గర బేరం ఎలా సాగేదో రాసిపెట్టాడు. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుంటారు. నడుముకు కట్టుకున్న బట్ట విప్పి, దాని మాటున చేతులు కలుపుతారు. చేయంతా పట్టుకుంటే వెయ్యి, ఐదు వేళ్లు పట్టుకుంటే ఐదు వందలు, ఒక వేలయితే వంద, నడిమి కణుపు దాకా అయితే యాభై, వేలి కొస అయితే పది. చుట్టూ ఎంతమంది ఉన్నా ఆ రాయి ఎంతకు పోయిందో మూడోవాడికి తెలియదు. ఇద్దరూ పెదవి కదపరు. ఇది కుంచాలతో కొలిచే సరుకు తీరేనా? తూకం కూడా మంజాడి ఎత్తుల్లో. మన నేల మీది ఆ చిన్న ఎత్తు పేరునే యూరోపు వర్తకులు మాంజెలిన్ అని పలికి తమ పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు.

అక్కడే ఇంకో దృశ్యం. పొద్దున్నే ఊరి మధ్య చెట్టు కింద పదీ పదిహేనేళ్ల పిల్లలు కూర్చునేవారు, పెద్ద వర్తకుల కొడుకులు. ఒక పక్క తూకపు రాళ్ల సంచి, ఇంకో పక్క ఐదారు వందల వరహాల సంచి. వచ్చిన రాయి చేతులు మారుతూ పోతుంది, ఎవరూ నోరెత్తరు. అదే గనిలో తవ్వేవాడికి, పని బాగా తెలిసినవాడికైనా, ఏడాదికి వచ్చేది మూడు వరహాలు. కృష్ణ ఒడ్డున మన పల్నాడు కొల్లూరు గనిలో ఆడా మగా పిల్లలూ కలిసి దాదాపు అరవై వేల మంది పనిచేస్తుండగా చూశానని కూడా ఆయనే రాశాడు. కోహినూరు అక్కడిదేనని నమ్మకం. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో మన పిల్లలకు చూపించే నీలి హోప్ వజ్రమూ కొల్లూరుదేనంటారు. ఇప్పుడు కొల్లూరు పులిచింతల జలాశయం కింద ఉంది. రాసులు పోసి అమ్మారని చప్పట్లు కొట్టినప్పుడల్లా ఆ మూడు వరహాల మనిషి మన లెక్కలోంచి జారిపోతున్నాడు. అన్నట్టు, కోహినూరు ఆంగ్లేయుల చేతికి చిక్కింది 1849లో, లాహోరులో.

కార్వాన్‌ను ఎవరూ కూలగొట్టలేదు. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయింది. కొనే దర్బారు పోయింది. 1720ల నుంచి బ్రెజిల్ వజ్రాలు యూరోపు చేరసాగాయి. షావుకార్లు మాత్రం ఇంకొంత కాలం నిలిచి, నిజాం సర్కారుకు అప్పులిచ్చి, క్రమంగా బేగంబజారుకూ బ్రిటిష్ రెసిడెన్సీ పరిసరాలకూ గద్దెలు, అంటే తమ వ్యాపారపు కొట్లు, మార్చుకున్నారు. వాళ్లలో చాలామంది గుజరాత్ నుంచీ మార్వాడ్ నుంచీ వచ్చినవాళ్లు. మనలాగే పని వెతుక్కుంటూ వచ్చి, ఒక వీధికి వెలుగు తెచ్చి, పని ఎటు పోతే అటు కదిలిన ప్రవాసులు. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద కరివేపాకు కొంటున్నప్పుడు నాకు ఈమధ్య కార్వానే గుర్తుకొస్తోంది. ఆ దుకాణాలవాళ్ల పిల్లల్లో కౌంటరు వెనక కూర్చునేవాళ్లు ఎందరు? నాకు తెలిసిన ఇద్దరూ డాక్టరీ చదువుతున్నారు.

కాబట్టి కార్యవర్గానికి నా మనవి. కోహినూరు తీర్మానాన్ని ఒక్కసారి పక్కన పెట్టండి. లండన్ మన మాట వినదు, కార్వాన్ వింటుంది. పురానాపూల్ దగ్గర మొదలుపెట్టి టోలీ మసీదు దాకా ఆ దారి కథ చెప్పే నాలుగు బోర్డులు, తెలుగులో, ఉర్దూలో, గుజరాతీలో, అనుమతులు తీసుకుని పెట్టిద్దాం. బేగంబజారు పాత గద్దెల్లో తాతల నాటి చిట్టాలూ, డబ్బు చెల్లింపుకు రాసిచ్చే హుండీ పత్రాలూ ఇంకా అటకల మీద ఉన్నాయేమో అడగడానికి చరిత్ర చదివే ఇద్దరు విద్యార్థులకు ఏడాది భృతి ఇద్దాం. చెదలు మన తర్వాతి సభ దాకా ఆగవు.

డబ్బెక్కడిదని అడుగుతారని తెలుసు. కోశాధికారి గారూ, పోయిన సభల్లో వేదిక మీద నిలబెట్టి, మూడో రోజు సాయంత్రం చెత్తబండి ఎక్కించిన ఆ ప్లైవుడ్ చార్మినార్‌కు ఎంతయిందో కాస్త చూసి చెప్పండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.