ఈత్‌0:1 గారికి బహిరంగ లేఖ

ఈత్‌0:1 గారూ, లినక్స్ సర్వర్‌లో ఈత్‌0 అనే నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ మీదే రెండో ఐపీ అడ్రస్ పెట్టుకోడానికి వాడే మారుపేరు మీరు. నమస్కారం మీకు విడిగా పెట్టాలా, ఈత్‌0కి పెడితే మీకూ చేరిపోతుందా అన్నది ఇంకా తేలలేదు, అందుకని ఒకటే పెడుతున్నా, సర్దుకోండి.

ఉన్నది ఒక్క నెట్‌వర్క్ కార్డు, ఒక్క మ్యాక్ అడ్రస్ (కార్డు హార్డ్‌వేర్ నంబరు), ఒక్క కేబుల్. మీరేమో పేరు చివర కోలన్, దాని పక్కన ఓ అంకె తగిలించుకుని, నెట్‌వర్క్ వివరాలు చూపే పాత కమాండ్ ఇఫ్‌కాన్ఫిగ్‌లో సొంత ఇంటర్‌ఫేస్‌లా దర్జాగా కూర్చుంటారు. ఎన్ని ప్యాకెట్లు వచ్చాయి, ఎన్ని పోయాయి అని చూస్తే మీ కింద ఒక్క లైనుండదు, లెక్కంతా ఈత్‌0 ఖాతాలోనే. బినామీ అంటే మీరేనండీ! కొత్తగా చేరిన కుర్రాడు ఫైర్‌వాల్‌లో మీ పేరు మీద రూల్ రాసి, దానికి ఒక్క ప్యాకెటూ తగలట్లేదేంటని రాత్రంతా జుట్టు పీక్కుంటాడు. మీరు ఓ ఐపీ అడ్రస్‌కి అంటించిన లేబుల్ మాత్రమేనని, ప్యాకెట్లన్నీ వచ్చేది ఈత్‌0 మీదేనని అతనికి ఎవరు చెప్పాలి?

పోనీ మీరొద్దు, ‘ఐపీ’ అనే కొత్త కమాండ్‌తో నేరుగా రెండో అడ్రస్ పెట్టుకుందామంటే, లేబుల్ లేదు కాబట్టి ఇఫ్‌కాన్ఫిగ్‌కి అది కనపడదు. ఇంకా ఇఫ్‌కాన్ఫిగే కొట్టే సీనియర్లు మా దగ్గర బోలెడుమంది. "ఆ ఐపీ ఖాళీగానే ఉంది కదా" అని దాన్ని ఇంకో సర్వర్‌కి ఇచ్చేస్తారు, ఆ తర్వాత ఏఆర్‌పీ (ఏ ఐపీ ఏ మ్యాక్ దగ్గరుందో అడిగి తెలుసుకునే పద్ధతి) కొట్లాటలో కనెక్షన్ ఒకసారి ఇటు, ఒకసారి అటు.

బయటికెళ్లే దారి సంగతి మరీ ఘోరం. అవతలి కంపెనీ మీ అడ్రస్‌ని నమ్మి వాళ్ల ఫైర్‌వాల్‌లో అనుమతిస్తుంది. అప్లికేషన్ మాత్రం ఫలానా అడ్రస్‌తో వెళ్లాలని ప్రత్యేకంగా చెప్పకపోతే, రూట్‌లో సోర్స్ (పంపేవారి అడ్రస్) రాయకపోతే, ఈత్‌0 మొదటి అడ్రస్ తగిలించుకునే గడప దాటుతుంది. అక్కడ తలుపు మూసే ఉంటుంది, ఇక్కడ మాకు టెన్షన్.

మిమ్మల్ని కాసేపు పక్కన పెడదామని డౌన్ చేస్తే అడ్రస్సే చెరిగిపోతుంది. మొదటి అడ్రస్ తీసేస్తేనో, అదే అడ్రసుల గుంపులో, అంటే సబ్‌నెట్‌లో ఉన్న మిగతావన్నీ చెప్పాపెట్టకుండా దానితోపాటే పోవచ్చు. ప్రమోట్_సెకండరీస్ అనే కెర్నల్ సెట్టింగ్ 1లో ఉంటే తర్వాతిది పెద్దరికం తీసుకుంటుంది, 0లో ఉంటే మొత్తం సాఫ్.

ఒకప్పుడు ఒక్కో హెచ్‌టీటీపీఎస్ సైటుకి ఒక్కో ఐపీ కావాల్సి వచ్చేది, మీకు బాగా గిరాకీ ఉండేది. ఎస్ఎన్ఐ (ఏ సైటు కావాలో బ్రౌజర్ ముందే పేరు చెప్పే పద్ధతి) వచ్చాక ఆ పని పోయింది. ఐపీవీ4 అడ్రసులు ప్రపంచానికంతా అడ్రసులు పంచే ఐఏఎన్ఏ గోదాములో 2011 ఫిబ్రవరిలోనే అయిపోయాయి, అయినా మీ పేరున నాలుగైదు ఊరికే పడున్నాయి!

కాబట్టి వచ్చే మెయింటెనెన్స్ విండోలో అడ్రసులన్నీ, నెట్‌వర్క్ సెట్టింగులు రాసే నెట్‌ప్లాన్‌లో ఒకే లిస్టుగా రాసి, మీ పేరు తీసేస్తున్నాం. అభ్యంతరాలుంటే ఈత్‌0 ద్వారా పంపగలరు, మీకు వేరే దారి ఎలాగూ లేదు.

ఇట్లు,
నైట్ షిఫ్ట్ సిస్టమ్ అడ్మిన్