పాత కీబోర్డు: ముందు మీట పలకాలి, మెరుపు తర్వాత

1980ల నాటి ఇంటి కంప్యూటర్లు మళ్లీ వెలుగులోకి వస్తున్నాయి. కామడోర్ 64, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, బీబీసీ మైక్రో, అమిగా వంటి యంత్రాలను వెతికి పట్టుకుని, బాగుచేసి, మళ్లీ వాడుకునేవారు చాలామందే ఉన్నారు. సంతోషించదగ్గ విషయమే. కానీ యంత్రం చేతికి రాగానే ఎక్కువమంది చేసే మొదటి పని నాకు ఏమాత్రం నచ్చదు. మీటలన్నీ పీకి సబ్బునీళ్లలో వేస్తారు. ఆరాక పెరాక్సైడ్ అనే రంగు పోగొట్టే రసాయనం పూసి ఎండలో పెడతారు. పసుపు వదిలి తెల్లబడ్డాక తిరిగి బిగించి, అప్పుడు కరెంటు ఇచ్చి చూస్తారు. సగం మీటలు నొక్కినా పలకడం లేదని అప్పుడు తెలుస్తుంది. జ్వరం ఎందుకు వచ్చిందో చూడకుండా రోగికి కొత్త బట్టలు తొడిగినట్టు ఉంటుంది ఈ వరుస.

పాత కీబోర్డు విషయంలో మొదటి పని ఏ మీట పలకడం లేదో, ఎందుకు పలకడం లేదో తెలుసుకోవడం. రెండోది మురికి తీయడం, అదీ అవసరమైనంత మేరకే. రంగు సంగతి ఆఖరున. చాలా యంత్రాలకు ఆ అవసరమే ఉండదు.

కీబోర్డు గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, ఆ తరం ఇంటి కంప్యూటర్లలో చాలావాటికి అది విడిభాగం కాదు. కంప్యూటర్ మొత్తం కీబోర్డు పెట్టెలోనే ఉంటుంది. ఏ పని చేయించాలన్నా ఆదేశం టైపు చేయాల్సిందే. 1982 నాటి స్పెక్ట్రమ్‌లో ఒక్కో మీటకు ఒక్కో ఆదేశాన్ని అంటగట్టారు. జే మీట నొక్కితే తెరమీద ‘లోడ్’ అన్న ఆదేశం మొత్తం వస్తుంది. ఆ ఒక్క మీట చచ్చుబడితే క్యాసెట్ నుంచి ఒక్క ప్రోగ్రామూ లోపలికి రాదు. మిగతా 39 మీటలు తళతళలాడుతున్నా ఆ యంత్రం మూగదే.

పరీక్షించే ముందు ఒక జాగ్రత్త. కామడోర్ 64తో వచ్చిన అసలు పవర్ అడాప్టర్‌ను నేరుగా తగిలించవద్దు. లోపలి భాగాలను గట్టి రెసిన్‌తో నింపేసిన ఆ పెట్టెలు పాతబడ్డాక, 5 వోల్టులు ఉండాల్సిన చోట అంతకు మించి వదిలి చిప్పులను కాల్చేస్తాయి. మల్టీమీటర్‌తో కొలిచాకే తగిలించాలి. అనుమానం ఉంటే కొత్తగా తయారైన అడాప్టర్ వాడటమే క్షేమం.

ఇక పరీక్ష. ఈ కీబోర్డుల లోపలి ఏర్పాటు అర్థమైతే లోపం ఎక్కడుందో సగం పైనుంచే చెప్పవచ్చు. ప్రతి మీటకూ విడిగా తీగ ఉండదు. అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని తీగలు గళ్లుగా పోతాయి. మీట నొక్కితే ఆ గడి దగ్గర అడ్డతీగ, నిలువుతీగ కలుస్తాయి. కామడోర్ 64లో ఇవి ఎనిమిది, ఎనిమిది. అంటే 64 గడులు. మీటలు మాత్రం 66. అదనంగా ఉన్న రెండింటిలో షిఫ్ట్ లాక్ ఎడమ షిఫ్ట్‌కు జంటగా కలిపినది. రిస్టోర్ ఈ గళ్లలోకి రాదు, దాని దారి నేరుగా ప్రాసెసర్‌ను అంతరాయపరిచే లైన్ వైపు పోతుంది. కాబట్టి రిస్టోర్ ఒక్కటే పనిచేయకపోతే మిగతా మీటలను అనుమానించి ప్రయోజనం లేదు.

ఒకే ఒక్క మీట పలకకపోతే లోపం దాని కిందే ఉంటుంది, ఎక్కువగా మురికే. ఒకే తీగ మీది ఎనిమిది మీటలు ఒక్కసారిగా పోతే మురికి కారణం కానే కాదు. తీగ తెగి ఉండాలి, కనెక్టర్ వదులై ఉండాలి, లేదా కీబోర్డును చదివే 6526 చిప్ దెబ్బతిని ఉండాలి. ఆ కంప్యూటర్‌లో ఇవే చిప్పులు రెండు ఉంటాయి. సాకెట్లలో పెట్టి ఉంటే ఒకదాని స్థానంలోకి మరొకదాన్ని మార్చి చూడవచ్చు. మీటలు పలికితే దోషి చిప్పేనని తేలిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. జాయ్‌స్టిక్ పోర్టులు రెండూ ఇదే చిప్పుకు, ఇవే తీగలకు కలిసి ఉంటాయి. మొదటి పోర్టులో పెట్టిన జాయ్‌స్టిక్‌ను కదిపితే తెరమీద అక్షరాలు పడటం అందుకే. జాయ్‌స్టిక్‌లో ఒక స్విచ్ ఇరుక్కుపోయినా కీబోర్డు పాడైనట్టే కనిపిస్తుంది. మీట ఒక్కటి కూడా ఊడదీయకముందే, జాయ్‌స్టిక్ పీకేసి చూడటంతో తేలిపోయే విషయమిది.

స్పెక్ట్రమ్‌లోనూ ఇదే లెక్క, గళ్లు వేరు. 40 మీటలు అయిదేసి చొప్పున ఎనిమిది గుంపులు. 1 నుంచి 5 దాకా అంకెలు ఒక్కుమ్మడిగా పోతే ఒక తీగ తెగింది. అలా కాక 1, క్యూ, ఏ, క్యాప్స్ షిఫ్ట్, మరోపక్క 0, పీ, ఎంటర్, స్పేస్ ఇలా రెండు అంచుల మీటలు మాత్రమే పోతే తెగింది ఇంకో వైపు తీగ. ఈ ఆనవాలు కాగితం మీద రాసుకుంటే రోగం పేరు దాదాపు తెలిసినట్టే. మీటలు పీకి కడిగేవారు ఈ ఆధారాన్ని చేతులారా వదిలేసుకుంటున్నారు. కడిగాక ఏదైనా పలకకపోతే అది పాత లోపమో, కడగడంలో వచ్చిన కొత్త లోపమో ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు శుభ్రత. కామడోర్ కీబోర్డునే తీసుకుందాం. వెనుక సర్క్యూట్ బోర్డును బోలెడన్ని చిన్న స్క్రూలతో బిగించి ఉంటారు. షిఫ్ట్ లాక్‌కు వెళ్లే రెండు తీగల టంకం కరిగించి విడదీస్తే తప్ప ఆ బోర్డు లేవదు. ఈ సంగతి తెలియక బలవంతంగా లేపితే బోర్డు మీది రాగి పూత చీరుకుపోతుంది. బోర్డు పైకి వచ్చాక, ఒక్కో మీట కింద ఒకదానికొకటి అంటకుండా పక్కపక్కనే రెండు గీతలు కనిపిస్తాయి. వాటికి ఎదురుగా మీట కాడ చివర కార్బన్ కలిపిన చిన్న రబ్బరు బిళ్ల. మీట నొక్కితే ఆ బిళ్ల రెండు గీతలనూ కలుపుతుంది. అక్కడ దశాబ్దాల జిడ్డు పలచని పొరగా పేరుకోవడమే అసలు జబ్బు. అక్కడికి చేరడానికి పైన మీటలు ఒక్కటి కూడా ఊడదీయనక్కర్లేదు. కడగడంతో మొదలుపెట్టేవారు గమనించాల్సింది ఇదే. అరవై ఆరు స్ప్రింగులు నేలమీద దొర్లించుకోకుండానే లోపాన్ని సరిచేయవచ్చు.

దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో, 99 శాతానికి దగ్గరి గాఢత ఉన్నదానిలో, ముంచి బోర్డు మీది గీతలను తుడవాలి. రబ్బరు బిళ్లకు మాత్రం ఆల్కహాల్ ధారాళంగా వాడకూడదు, కార్బన్ పైపొర కరిగి దూదికి అంటుకొస్తుంది. మామూలు తెల్లకాగితం ముక్క మీద బిళ్లను మెల్లగా రుద్దితే జిడ్డు పోతుంది, కార్బన్ మిగులుతుంది. గరుకుకాగితం, గట్టి రబ్బరు వాడమని సలహా ఇచ్చేవారున్నారు. ఆ రోజుకు మీట పలుకుతుంది, పైపొర అరిగిపోయి కొన్నాళ్లకు మళ్లీ మూగబోతుంది. తలుపు బందులకు వాడే నూనె స్ప్రేలు ఇక్కడ అసలే కూడవు. అవి వదిలే జిడ్డుపొరకే దుమ్ము అంటుకుంటుంది. అసిటోన్ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఈ కంప్యూటర్ల పెట్టెలకు వాడే ఏబీఎస్ రకం ప్లాస్టిక్‌నే అది కరిగిస్తుంది.

మీటల మీద నిజంగానే మురికి గడ్డకట్టి ఉంటే కడగాల్సిందే, కాదనను. ముందు ఫొటో తీసుకుని, తీగకొక్కెంలాంటి సాధనంతో నిటారుగా పైకి లాగాలి. స్క్రూడ్రైవర్‌తో ఒకపక్కన ఎత్తితే కాడ విరుగుతుంది. నలభై ఏళ్ల ప్లాస్టిక్‌కు వంగే గుణం తగ్గిపోయి ఉంటుంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, మెత్తని కుంచె చాలు. మరిగే నీళ్లలో, డిష్‌వాషర్‌లో మీటలు వంకరపోతాయి. కాడ లోపలి రంధ్రంలో నిలిచిన నీటిచుక్క కంటికి కనబడదు, స్ప్రింగును మాత్రం తుప్పు పట్టిస్తుంది. పూర్తిగా ఆరేదాకా ఓపిక పట్టాలి.

అన్ని కీబోర్డులకూ ఈ చికిత్స పనికిరాదు. స్పెక్ట్రమ్‌లో రబ్బరు మీటల కింద ఉన్నది సన్నని ప్లాస్టిక్ పొరల మెంబ్రేన్. దాని రెండు తోకలు కంప్యూటర్ బోర్డులోకి దూరి ఉంటాయి. కాలం గడిచేకొద్దీ అవి పెళుసెక్కి, వంపు దగ్గర పగులుతాయి. పెట్టె తెరిచే క్షణంలోనే తెగేవి ఎక్కువ. పగులు సరిగ్గా కొస దగ్గరైతే ఆ కాస్తా కత్తిరించి మిగిలిన పొడవును మళ్లీ దూర్చవచ్చు. అంతకు మించితే అతుకు లేదు, ఆ ప్లాస్టిక్ మీద టంకం నిలవదు. ఇప్పటికీ కొత్త మెంబ్రేన్లు తయారవుతున్నాయి, కొని వేయడమే సరైన దారి. అసలు భాగం మార్చేస్తే యంత్రం విలువ తగ్గుతుందని వెనకాడేవారితో నేను ఏకీభవించను. తెగిన మెంబ్రేన్‌ను లోపలే ఉంచితే మిగిలేది బొమ్మ. మార్చేటప్పుడు పైన అంటించిన లోహపు పలకను మాత్రం మెల్లగా, కాస్త వేడి తగిలించి ఊడదీయాలి. ఒకసారి మడత పడితే ఆ మడత పోదు.

సోల్-20 అనే పాత కంప్యూటర్, 1983 నాటి యాపిల్ లిసా వంటివాటి లోపలి పద్ధతి ఇంకొకటి. ప్రతి మీట కింద నురుగు దిండు, దాని అడుగున లోహపు పూత ఉన్న బిళ్ల. బిళ్ల బోర్డుకు దగ్గరైతే కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిల్వ చేసే గుణం) మారుతుంది, ఆ మార్పే మీట నొక్కినట్టు గుర్తు. యంత్రాన్ని వాడినా వాడకపోయినా ఆ నురుగు పొడైపోతుంది. ఎంత తుడిచినా లాభం లేదు, దిండ్లన్నీ కొత్తవి వేయాల్సిందే. బీబీసీ మైక్రో వంటివాటిలో ఒక్కో మీటకు ఒక్కో స్విచ్‌ను విడిగా టంకం వేసి ఉంటారు. పాడైన ఒక్కదాన్నే మార్చుకోవచ్చు. బాగుచేసేవారికి ఇంతకన్నా సుఖం లేదు.

ఈ మరమ్మతులన్నిటిలోనూ నన్ను ఆకట్టుకునేది ఒకటుంది. ఆ యంత్రాలు మనల్ని లోపలికి రానిచ్చాయి. స్క్రూలు ఉన్నాయి, సర్క్యూట్ పటాలు దొరుకుతాయి, లోపాన్ని తర్కంతో పట్టుకోవచ్చు. 2015లో యాపిల్ తెచ్చిన బటర్‌ఫ్లై కీబోర్డులో చిన్న దుమ్ముకణం ఇరుక్కున్నా మీట మొండికేసేది. ఆ ఒక్క మీట కోసం ల్యాప్‌టాప్ పైభాగమంతా బ్యాటరీతో సహా మార్చాల్సి వచ్చేది. 2018లో ఆ సంస్థ ఉచిత మరమ్మతు పథకం ప్రకటించింది, ఆ కీబోర్డుపై అమెరికాలో నడిచిన దావా 2022లో 5 కోట్ల డాలర్ల పరిష్కారానికి వచ్చింది. నలభై ఏళ్ల తర్వాత ఆ ల్యాప్‌టాప్‌ను బాగుచేయబోయేవారికి దూదిపుల్ల, ఆల్కహాల్ సరిపోవు.

ఇక తెలుపు గురించి. ప్లాస్టిక్ పసుపెక్కడానికి అందులో కలిపిన బ్రోమిన్ అగ్నినిరోధకాలే కారణమని చాలాకాలం చెప్పుకొన్నారు. ఏబీఎస్‌లోని రబ్బరు భాగం గాలికి, వెలుతురుకు, వేడికి ఆక్సీకరణ చెందడమూ కారణమే. ఒకే కీబోర్డులో స్పేస్ బార్ ముదురు పసుపుగా, పక్క మీటలు లేతగా ఉండటం చూస్తాం. ప్లాస్టిక్ రకం వేరు కావడమే ఇందుకు కారణం. 2007-08 ప్రాంతంలో హైడ్రోజన్ పెరాక్సైడ్, అతినీలలోహిత కాంతి కలిస్తే ఈ పసుపు పోతుందని ఔత్సాహికులు కనిపెట్టారు. రెట్రోబ్రైట్ అన్న పేరుతో అది ప్రపంచమంతా పాకింది.

అది పనిచేస్తుంది, సందేహం లేదు. కానీ చాలామంది అనుభవంలో కొన్నేళ్లకు పసుపు తిరిగి వచ్చింది. పూత సమంగా లేనిచోట చారలు పడతాయి, ఆ చారలు ఇక పోవు. మీట మీద అక్షరం పోత ప్లాస్టిక్‌లోనే కలిసి ఉంటే ఫర్వాలేదు, పైన ముద్రించినదైతే అది కూడా వెలిసే ప్రమాదం ఉంది. గాఢమైన పెరాక్సైడ్ చర్మాన్ని కాలుస్తుంది, తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోరాదు. వీటన్నిటికన్నా నాకు ముఖ్యమైన అభ్యంతరం, ఆ పని వెనక్కి తీసుకోలేనిది. పాత వస్తువులను భద్రపరిచే నిపుణులు పాటించే నియమం ఒకటుంది, వీలైనంత తక్కువగా తాకు, తాకినది మళ్లీ యథాస్థితికి తేగలిగేలా తాకు. తుడవడం, స్ప్రింగు సరిచేయడం, మెంబ్రేన్ మార్చడం ఈ నియమానికి లోబడతాయి. పైపొరను రసాయనంతో మార్చడం లోబడదు.

ఎవరి యంత్రం వారి ఇష్టం, ఆ హక్కును ప్రశ్నించను. తెల్లబరిచిన యంత్రాన్ని ‘పూర్తిగా పునరుద్ధరించినది’ అని అమ్మడాన్ని మాత్రం తప్పుపడతాను. ఆ మాట అనాలంటే ప్రతి మీటా పలకాలి, పలికిందని చూపాలి.

చూపడం కష్టం కాదు. కామడోర్ 64లో 197వ మెమరీ స్థానం ఆ క్షణంలో నొక్కి ఉన్న మీట సంఖ్యను దాచుకుంటుంది, ఏదీ నొక్కకపోతే 64 చూపుతుంది. ఆ విలువను పదేపదే తెరమీద చూపే ఒక్క వరుస ప్రోగ్రామ్‌ను ఆ కంప్యూటర్‌లోనే ఉన్న బేసిక్ భాషలో రాసి మీటలను వరుసగా నొక్కుకుంటూ పోవాలి. షిఫ్ట్, కంట్రోల్, కామడోర్ మీటలు, రిస్టోర్ అక్కడ కనిపించవు, వాటిని విడిగా చూసుకోవాలి. నొక్కి వదిలాక సంఖ్య 64కు తిరిగి రాకపోతే మీట ఎక్కడో ఇరుక్కుంటోంది. ఏ మీట ఎందుకు పోయింది, ఏ భాగం మార్చారు, ఏ రోజున మార్చారు అన్నది ఒక చీటీ మీద రాసి, తీసేసిన పాత భాగాలతో కలిపి కవరులో పెట్టి యంత్రంతోపాటే ఉంచాలి. తర్వాత దాన్ని విప్పేవారు లోపాన్ని మొదటినుంచి వెతుక్కోనక్కర్లేదు.