పళ్ళ డాక్టరూ, పళ్ళ ఈగలూ, ఒక స్కాలర్‌షిప్పూ

మా తాతయ్య పేరు మీద మా ఇంట్లోవాళ్ళం తలా కొంచెం వేసుకుని ఏటా ఒక స్టూడెంట్‌కి 50,000 రూపాయలు ఇస్తాం. ఈసారి చివరికి రెండు అప్లికేషన్లు మిగిలాయి. ఒకటి హౌస్ సర్జన్సీ చేస్తున్న బీడీఎస్ అబ్బాయిది, భీమిలి వైపు పల్లెల్లో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, తాగే ముసలమ్మల నోళ్ళు చూసి, ఫోటోలు తీసి, ఏడాది పాటు ఒక్కొక్కరినీ ఫాలో అయ్యి కేసులు రాస్తాడట. రెండోది ఎమ్మెస్సీ అమ్మాయిది, మగ్గిన అరటిపండు మీద ముసురుతాయి కదా ఆ చిన్న ఈగలు, వాటిలో ఒక కణం పక్క కణానికి కబురు ఎలా పంపిస్తుందో, అదే సెల్ సిగ్నలింగ్, దాని మీద పనిచేస్తుందట. మా అమ్మ విశాఖ ఎంవీపీ కాలనీలో పళ్ళ డాక్టరు, పాతికేళ్ళ ప్రాక్టీసు. బాబాయ్ పీహెచ్‌డీ చేసిందే ఆ ఈగల మీద. ఆదివారం టిఫిన్ల దగ్గర మొదలైన వాదన భోజనాల దాకా నడిచింది, నేను పక్కనే కూర్చుని రాసుకున్నాను, తర్వాత ఇద్దరికీ చూపించాను కూడా.

అమ్మ: ఇందులో అంత ఆలోచించడానికి ఏటుంది శీనూ. ఈగకి పన్ను లేదు, చిగురు లేదు, దవడ ఎముక లేదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళకి ఈ మూడూ ఉంటాయి, మూడూ నొప్పెడతాయి. డబ్బు ఆ అబ్బాయికే ఇద్దాం.

బాబాయ్: పన్ను లేదు వదినా, ఒప్పుకుంటాను. కానీ పన్ను ఎక్కడ మొలవాలో, ఎన్ని మొలవాలో చెప్పే కబురు ఒకటి ఉంటుంది కదా, ఆ కబురు ఈగలోనూ మనలోనూ ఒకటే. 1980లో జర్మనీలో, హైడెల్‌బర్గ్‌లో, క్రిస్టియానే న్యూస్లైన్ ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషాస్ అని ఇద్దరు, ఒకే మైక్రోస్కోప్‌లో ఇద్దరూ ఒకేసారి చూసేలా ఎదురెదురుగా కూర్చుని, జీన్స్ పాడైన ఈగ పిల్లల్ని వేలకి వేలు చూశారు. మామూలు ఈగ పురుగుకి పొట్ట మీద ఒక్కో వరసలో సగం బుల్లి ముళ్ళుంటాయి, మిగతా సగం నున్నగా ఉంటుంది. ఒక రకంలో మాత్రం నున్నటి చోటే లేదు, ఒళ్ళంతా ముళ్ళే, పైగా పొట్టిగా, అచ్చం ముళ్ళపంది. అందుకని ఆ జీన్‌కి హెడ్జ్‌హాగ్ అని పేరు పెట్టేశారు, 1995లో ఎడ్వర్డ్ లూయిస్‌తో కలిపి ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ ముళ్ళని ఏమంటారో తెలుసా, డెంటికిల్స్, అంటే చిట్టి పళ్ళు.

అమ్మ: పేరులో పన్నుంటే పన్నయిపోదు. పైన తోలు మీద ముళ్ళు అవి, పన్నుకి పైనుండే ఎనామిల్ ఉందా, దాని లోపలుండే డెంటిన్ ఉందా? సరే అది వదిలేయ్. నేను మా అమ్మమ్మ సంగతి చెప్తాను విను. నీకు తెలీదు, నువ్వు చూడలేదు ఆవిణ్ణి. చుట్ట వెలిగించి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూసేసుకునేది, గాలికి ఆరిపోదని, పని చేసుకుంటూ తాగొచ్చని. మా వైపు ఆడవాళ్ళు చాలామంది అంతే. నేను ఫస్టియర్‌లో ఉండగా ఓ రోజు సరదాగా నోరు తెరవమన్నాను, అంగిలి మొత్తం తెల్లగా పాలిపోయి, మధ్యమధ్యలో ఎర్ర చుక్కలు. అది ఏటో నాకు తెలీలేదు. లాలాజలం గ్రంథులు వాచి ఆ చుక్కలు అలా కనిపిస్తాయని తర్వాత చదువుకున్నాను, అప్పటికి ఆవిడకి అక్కడే పుండు పడిపోయింది. అంగిలి క్యాన్సర్ మామూలుగా అరుదు శీనూ, ఎక్కడా పెద్దగా చూడరు. మన కోస్తాలోనే ఎందుకుందో, ఈ చుట్ట వల్లే అని 1957లోనే ఇక్కడి డాక్టర్లు పేపర్ రాశారు. ఎలా తెలిసింది వాళ్ళకి? ఈగని అడిగితే చెప్పిందా? ఒక్కొక్క ముసలమ్మ నోరు తెరిచి చూస్తే తెలిసింది.

(ఈ సంగతి అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. అడ్డపొగ వల్ల పోయిందని తెలుసుగానీ, ముందు చూసింది అమ్మే అని తెలీదు.)

బాబాయ్: ఆ పని తక్కువని నేననను వదినా. కానీ ఇప్పుడొచ్చే కేస్ రిపోర్టులు ఎలా ఉంటున్నాయో నీకే బాగా తెలుసు. ‘అరుదైన కేసు’ అని హెడ్డింగు, ముందు ఫోటో, తర్వాత ఫోటో, మూడు నెలల తర్వాత పేషెంట్ ఏమయ్యాడో ఒక్క ముక్క ఉండదు. పీజీ పిల్లలకి పబ్లికేషన్ కావాలి కాబట్టి రాసేస్తున్నారు. ఒక్కడికి బాగైతే మందు వల్ల బాగైందో, దానంతటదే తగ్గిందో ఎవరు చెప్పగలరు? పక్కన పోల్చుకోడానికి ఇంకొకడు లేడు. నేను ఈగల్లో ఒక్క జీన్ తీసేసి మిగతావన్నీ అలాగే ఉంచి, పది రోజుల్లో కొత్త తరం వచ్చేస్తుంది, వందల ఈగల్ని పక్కపక్కన పెట్టి చూసి, ఇదిగో దీని వల్లే అని చెప్పగలను. మనిషిలో నువ్వలా చెయ్యలేవు, చెయ్యకూడదు కూడా.

అమ్మ: చెత్త రిపోర్టులున్నాయి, కాదన్ను. ఆ అబ్బాయి ఏడాది ఫాలో అవుతాను అన్నాడు చూడు, అందుకే నాకు నచ్చాడు. కానీ ఒక్కోసారి పోల్చుకునేంత టైం ఉండదు. 2003లో అమెరికాలో రాబర్ట్ మార్క్స్ అని నోటి సర్జన్, తన దగ్గరికొచ్చిన 36 మంది పేషెంట్లలో దవడ ఎముక బయటపడిపోయి మానడం లేదని గమనించాడు. అందరూ ఎముకల కోసం ఇచ్చే ఇంజెక్షన్లు, పామిడ్రోనేట్ గానీ జోలెడ్రోనేట్ గానీ తీసుకున్నవాళ్ళే. అందరికీ తెలిసేలా చిన్న ఉత్తరం లాంటిది రాసి వేశాడు, అంతే. ఈ రోజు నేను క్యాన్సర్ పేషెంట్‌కి పన్ను తీసే ముందు ఎముకలకి ఇంజెక్షన్లేమైనా తీసుకున్నారా అని అడుగుతున్నానంటే ఆ 36 మంది వల్ల. ఎముక లేని ఈగలో అది ఎలా కనబడుతుంది చెప్పు. అంతెందుకు, ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల ఎముకలు బిగుసుకుపోతాయని 1937లో మన నెల్లూరు జిల్లా మనుషుల్ని చూసే కదా రాశారు.

బాబాయ్: విషం ఎక్కడుందో పట్టుకోడానికి కేసే కావాలి, ఒప్పుకున్నాను. కానీ పుట్టుకతో వచ్చేవి? గోర్లిన్ సిండ్రోమ్ తీసుకో.

అమ్మ: తీసుకుంటాను, ఆ గోర్లిన్ కూడా పళ్ళ డాక్టరే!

బాబాయ్: అవును, అందుకే తీసుకున్నాను. రాబర్ట్ గోర్లిన్, ఇంకో స్కిన్ డాక్టరు గోల్ట్జ్, 1960లో రాశారు, దవడలో మళ్ళీ మళ్ళీ వచ్చే సిస్టులు, అంటే తిత్తులు, చర్మం మీద క్యాన్సర్లు, పక్కటెముకల్లో తేడా, ఇవన్నీ ఒకే మనిషిలో ఉంటే అది ఒకే జబ్బు అని. గొప్ప చూపు అది. కానీ ఎందుకు అంటే 36 ఏళ్ళు ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ జవాబు ఈగలో ఉంది. ఎలా అంటే, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఉన్నాడు కదా, ప్యాచ్డ్ అనే ప్రోటీన్ అలాంటిదే, కణం గుమ్మం దగ్గర నిలబడి స్మూతెన్డ్ అనేవాణ్ణి, వాడూ ఒక ప్రోటీనే, కదలనివ్వకుండా ఉంచుతుంది. హెడ్జ్‌హాగ్ అనే కబురు బయట్నుంచి వచ్చి వాచ్‌మన్‌ని పట్టుకుందనుకో, స్మూతెన్డ్‌కి అడ్డు తొలిగిపోయి లోపలికి ‘పెరుగు’ అని ఆర్డర్ వెళ్తుంది. కబురు లేకపోతే ఆర్డరూ లేదు. ఇదంతా ఈగ రెక్కల్లో, ఈగ పురుగు ముళ్ళల్లో తేల్చుకున్నది. 1996లో గోర్లిన్ పేషెంట్లలో చూస్తే పాడైంది ఆ వాచ్‌మనే, ప్యాచ్డ్ జీన్! వాచ్‌మన్ లేడు, కబురు రాకపోయినా ఆర్డర్ వెళ్తూనే ఉంటుంది, సిస్టు తీసేస్తే మళ్ళీ వస్తుంది. నువ్వు దవడ గోకి గోకి తీసినా అది ఎందుకు తిరిగొస్తుందో దీంతో అర్థమవుతుంది. స్మూతెన్డ్‌ని ఆపే మందు విస్మోడెజిబ్, 2012లో ఆ చర్మం క్యాన్సర్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది.

అమ్మ: ఆ 1996లో జీన్ దొరికింది ఎవరి రక్తంలో? రక్తం ఇచ్చిన కుటుంబాలు ఎక్కడివి? డాక్టర్లు ఏళ్ళ తరబడి రాసిపెట్టుకున్న కేసులు లేకపోతే నీ ఈగ జీన్ ఏ తాళానికి తాళంచెవో నీకు తెలిసేదా. ఇంకొకటి, స్మూతెన్డ్‌ని ఆపొచ్చు అని మొదట చూపించింది కూడా ఈగ కాదు. నేనూ చదివాను. అమెరికాలో ఐడహో అనే చోట గొర్రెలకి ఒంటి కన్నుతో పిల్లలు పుట్టేవి, నుదుటి కింద నడిమధ్యన ఒక్కటే కన్ను. తల్లి గొర్రెలు కడుపుతో ఉండగా కొండ మీద ఒక అడవి మొక్క తింటున్నాయని తేలింది, అందులో ఉన్న పదార్థానికే సైక్లోపమైన్ అని పేరు. అది హెడ్జ్‌హాగ్ కబురుని ఆపేస్తుందని తర్వాతెప్పుడో తెలిసింది. ముందు చూసింది గొర్రెల కాపర్లు. వాళ్ళు చెప్పింది కూడా కేసే.

(బాబాయ్ ఇక్కడ కాసేపు ఊరుకున్నాడు. నాకైతే ఈ పాయింట్ అమ్మదే అనిపించింది.)

బాబాయ్: సరే, ఇది వింటావా. ఢిల్లీలో మనవాళ్ళు శర్మ, చోప్రా, 1976లో రెక్క మొలవని ఈగ గురించి రాశారు, దాని పేరు వింగ్‌లెస్. అప్పుడు ఎవరైనా నీలాగే అడిగుంటారు, రెక్కలేని ఈగతో ఏం పని అని. ఎలుకల రొమ్ము క్యాన్సర్లో దొరికిన ఇంట్ అనే జీన్, ఈ వింగ్‌లెస్ రెండూ ఒకటేనని 1987లో తేలింది, రెండు పేర్లూ కలిపి డబ్ల్యూఎన్‌టీ, వింట్ అంటున్నాం. ఇప్పుడు నీ వైపుకి వస్తాను. ఫిన్లాండ్‌లో ఒక కుటుంబం, 11 మందికి శాశ్వతంగా రావాల్సిన పళ్ళలో కనీసం ఎనిమిది మొలవలేదు, ఇద్దరికైతే మూడే మూడు పళ్ళు. పళ్ళు రాలేదు కట్టుడు పళ్ళు పెట్టండి అనుకుంటే అక్కడితో అయిపోను. కానీ వాళ్ళలో ఎనిమిది మందికి పెద్దపేగు క్యాన్సరో, క్యాన్సర్‌కి ముందొచ్చే కాయలో కనిపించాయి. 2004లో పేపర్ వచ్చింది, పాడైన జీన్ ఆక్సిన్ 2, వింట్ కబురుకి బ్రేకు వేసేది. పన్ను మొలవడానికీ పేగు పొర కొత్తగా తయారవ్వడానికీ కబురు ఒకటే కాబట్టి ఒకేచోట దెబ్బ తగిలితే రెండూ పోయాయి. రెక్కలేని ఈగ తెలియకపోతే పన్నుకీ పేగుకీ చుట్టరికం ఎవరు కలుపుతారు?

అమ్మ: కలిపింది ఆ కుటుంబం నోరు లెక్కపెట్టినవాడు.

బాబాయ్: లెక్కపెట్టినవాడికి ఎక్కడ వెతకాలో తెలియాలి కదా.

అమ్మ: అది సరే... పన్నులో ఆ వింట్‌తోనే పుచ్చు పూడుస్తామని లండన్ కింగ్స్ కాలేజీలో 2017లో ఎలుకల మీద చేశారు, టైడెగ్లూసిబ్ అనే మందు స్పాంజిలో పెట్టి, డెంటిన్ పెరిగిందట. బాగుంది. కానీ రేపు ఉదయం నా కుర్చీలో కూర్చునేవాడికి నేను ఎంటీఏ అనే సిమెంటే పెట్టాలి. నీ ఈగలు చెప్పేవన్నీ ఎప్పటికో. ముసలమ్మలకి అంత టైం లేదు, వాళ్ళకి ఇప్పుడే ఎవరో ఒకరు నోరు తెరవమనాలి.

బాబాయ్: వదినా, ఇందాక ఒంటి కన్ను గొర్రెపిల్ల అన్నావు. అది ఎందుకు జరుగుతుందంటే, మొహం మొదట్లో ఒకటే ముద్ద, హెడ్జ్‌హాగ్ కబురు మధ్యలోంచి వస్తేనే అది కుడి ఎడమ అని విడుతుంది. కబురు పూర్తిగా రాకపోతే మెదడూ విడదు, కన్నూ విడదు, మనుషుల్లో అయితే చాలామంది పుట్టకముందే పోతారు. అదే కబురు కొంచెం తగ్గిందనుకో, అంతా మామూలుగా ఉండి చివర్లో ఒక్కచోట గుర్తు మిగులుతుంది, పైన ముందు పళ్ళు రెండు రావాల్సిన చోట నడిమధ్యన ఒక్కటే వస్తుంది. 50,000 మందిలో ఒకరికి అంటారు. అలాంటి మనిషిలో హెడ్జ్‌హాగ్ జీన్ తేడా ఉందని 2001లో చూపించారు. అందరిలోనూ అదే జీన్ కాదుగానీ...

అమ్మ: ఆగు.

(అమ్మ చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.)

అమ్మ: పోయిన నెల ఒక బాబు వచ్చాడు శీనూ. ఏడేళ్ళు. పైన ముందు పన్ను ఒకటే, సరిగ్గా మధ్యన. పాల పన్ను కూడా ఒకటే ఉండేదని వాళ్ళమ్మ చెప్పింది. రెండు పళ్ళు అతుక్కుపోయి ఉంటాయనుకుని ఎక్స్‌రే తీశాను, అతుక్కోలేదు, వేరు ఒకటే, పన్ను కుడి ఎడమా ఒకేలా ఉంది. పై పెదవి ఎత్తి చూశాను, పెదవికీ చిగురుకీ మధ్య తాడులా ఉంటుంది కదా, అది కనబడలేదు. అన్నీ చూశాను, అన్నీ రాసుకున్నాను. ఒక పన్ను పుట్టుకతోనే లేదమ్మా, పన్నెండేళ్ళు వచ్చాక క్లిప్పులు వేద్దాం అని చెప్పి పంపించేశాను.

బాబాయ్: ముక్కుతో ఊపిరి బాగా తీసుకుంటున్నాడా? ఎత్తు ఎలా ఉన్నాడు? ఇలాంటి వాళ్ళలో కొందరికి ముక్కు దారి సన్నగా ఉంటుంది, కొందరికి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి తేడా వల్ల ఎదుగుదల హార్మోన్ తక్కువ పడుతుంది, అది చిన్నప్పుడే పట్టుకుంటే వైద్యం ఉంది. ఇవన్నీ నేను ఈగల్లో నేర్చుకున్నవి కావు వదినా, మీవాళ్ళు రాసిన కేసుల్లో చదివినవే.

అమ్మ: నోరు తెరుచుకునే కూర్చున్నాడు. నేను పళ్ళు చూపించడానికి తెరిచాడనుకున్నాను. పొట్టిగానే ఉన్నాడు, తల్లీ పొట్టే కాబట్టి... నేను కొలవలేదు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని కూడా అడగలేదు.

(కాసేపు ఎవరూ ఏం మాట్లాడలేదు. తర్వాత అమ్మ లేచి క్లినిక్ డైరీ తెచ్చుకుంది, నెంబర్ వెతికింది, ఆదివారం అని కూడా చూడకుండా ఫోన్ చేసింది. స్కాలర్‌షిప్ సంగతి ఆ రోజు మళ్ళీ ఎత్తలేదు, వచ్చే ఆదివారానికి వాయిదా పడింది.)

అమ్మ, ఫోన్‌లో: కంగారేం లేదమ్మా. రేపు పొద్దున్న బాబుని ఒకసారి తీసుకురండి, ఎత్తూ బరువూ చూసి, పిల్లల డాక్టరుకి ఒక ఉత్తరం రాసిస్తాను. మీవారిని కూడా రమ్మనండి. మీ ఇద్దరివీ చిన్నప్పటి ఫోటోలు, నవ్వుతున్నవి, పళ్ళు కనిపించేవి ఉంటే అవి కూడా పట్టుకురండి.