ఆర్ అక్షరం కాలు ఎటు వంగాలి?

మనుషుల మధ్య కొన్ని తగాదాలు ఎప్పటికీ తేలవు. విమానం బొమ్మ మీద రిజిస్ట్రేషన్ అక్షరాలు ఏ ఫాంటులో ఉండాలన్నది వాటిలో ఒకటి. బొమ్మ అన్నందుకు ముందుగానే క్షమాపణ, స్కేల్ మోడల్ అనాలి. బొమ్మతో పిల్లలు ఆడుకుంటారు. స్కేల్ మోడల్‌ని పెద్దవాళ్లు కూడా ముట్టుకోకూడదు.

నిజం విమానాల విషయంలో చట్టం మరీ మెతక. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1949లో ఆమోదించిన ఏడో అనుబంధం ఈ సంగతే చూస్తుంది. రోమన్ పెద్దక్షరాలే రాయాలి, అలంకారాలు కూడదు అంటుంది. (తలకట్టుతో పుట్టి, ఒత్తు లేనిదే గడప దాటని మన లిపి ఈ ఒక్క షరతుతోనే రన్‌వే బయట ఆగిపోయింది.) అక్షరం వెడల్పు దాని ఎత్తులో మూడింట రెండు వంతులు ఉండాలి. గీత మందం ఎత్తులో ఆరో వంతు. రెండక్షరాల మధ్య ఖాళీ, అక్షరం వెడల్పులో పావు వంతుకు తగ్గకూడదు. సన్నగా పుట్టిన ఐ అక్షరానికీ, ఒకటి అంకెకూ వెడల్పు లెక్క నుంచి మినహాయింపు. ఆ వెనక ఉన్న రంగు మీద అక్షరం కొట్టొచ్చినట్టు కనబడాలి. ఫాంటు పేరు మాత్రం ఎంత వెతికినా దొరకదు. వందల ప్రాణాలను మోసుకుని సముద్రాలు దాటే యంత్రం మీద ఆర్ అక్షరం కాలు తిన్నగా దిగాలా, ఏటవాలుగా జారాలా అన్న నిర్ణయాన్ని పెయింటరు చేతిలో పెట్టేసి, సంతకాలు చేసి, అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు.

ప్రభుత్వాలు వదిలేసిన ఈ బరువును మోడలర్లు భుజానికెత్తుకున్నారు. ఫ్యూజిలేజ్, అంటే విమానం ఒంటి మీద అక్షరం ఎత్తు కనీసం 30 సెంటీమీటర్లు ఉండాలన్నది అసలు నియమం. అసలు విమానాన్ని 72వ వంతుకు తగ్గించే 1/72 స్కేల్లో అది దాదాపు 4.2 మిల్లీమీటర్లు, గీత మందం 0.7 మిల్లీమీటర్లు. 1/144కి దిగితే అక్షరం రెండు మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది, గీత 0.35 అవుతుంది. హెల్వెటికా, ఏరియల్ అని చూడటానికి ఒకేలా ఉండే రెండు ఫాంట్లున్నాయి. ఆ గీత చివర హెల్వెటికా జి అక్షరానికి కిందికి దిగే చిన్న ముల్లు ఉంటుంది, ఏరియల్ జి అక్షరానికి ఉండదు. ఆ తేడా చూడటానికి భూతద్దం కావాలి. తేడా పట్టేయడానికి మాత్రం అక్కర్లేదు, పక్కన ఇంకో మోడలరు నిలబడితే చాలు.

హెల్వెటికా పక్షం వారికి ఇంకో చిక్కుంది. చట్టం అడిగిన ఆరో వంతు మందంతో పోల్చి చూస్తే మామూలు హెల్వెటికా గీత సన్నం, బోల్డ్ గీత లావు. డబ్ల్యూ అయితే మూడింట రెండు వంతుల గదిలో పట్టనే పట్టదు. అమెరికా వారి నిబంధనలు దయతలచి ఎం, డబ్ల్యూలను ఎత్తెంతో అంత వెడల్పు వరకు చాచుకోనిచ్చాయి. ఏడో అనుబంధానికి అంత జాలి లేదు. కనుక కంప్యూటర్లో డబ్ల్యూను రెండు పక్కల నుంచీ నొక్కుతారు. నొక్కితే నిలువు గీతలు సన్నబడతాయి, వాటిని లావు చేస్తారు. లావు చేస్తే మధ్యలో ఖాళీ పూడుకుపోతుంది. ఇన్ని చికిత్సలయ్యాక మిగిలినది హెల్వెటికా కాదు. అయినా హెల్వెటికా అనే అంటారు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించేవాళ్లను లోకం చాలామందిని చూసింది. ఆ మూడో కాలు ఏ ఫాంటులోదో కూడా చెప్పగలిగినవాళ్లు వీళ్లే.

ఇక చరిత్ర. బ్రిటిష్ పైలట్ ఎమీ జాన్సన్ 1930 మే నెలలో ఇంగ్లండ్‌లోని క్రాయ్‌డన్ నుంచి ఆస్ట్రేలియాలోని డార్విన్ దాకా ఒంటరిగా నడిపిన జిప్సీ మాత్ విమానం మీద జి-ఏఏఏహెచ్ అని ఉంటుంది. హెల్వెటికా పుట్టింది 1957లో, అదీ వేరే పేరుతో. ఆ పేరు దానికి 1960లో వచ్చింది. ఏరియల్ 1982 నాటిది. అంటే ఆమె విమానం మీద ఈ రెండూ ఉండే అవకాశం లేదు. తర్కం తెలిసినవాడు ఇక్కడ ఆగిపోతాడు. మోడలరు ఆగడు, 1930కి ముందు పుట్టిన ఫాంట్ల జాబితా తీస్తాడు. ఫ్యూచురా 1927, గిల్ శాన్స్ 1928. తేదీలు కుదిరాయి కాబట్టి నేరం కూడా వీటిదేనని తేల్చేస్తాడు.

హ్యాంగర్లో ఆ రోజు నిజంగా జరిగిందేమిటో ఊహించడం పెద్ద కష్టం కాదు. ఒక పెయింటరు సుద్దతో గీతలు కొట్టుకుంటాడు. రూళ్లకర్ర పెడతాడు. వంపులు తిప్పడం శ్రమ కనుక మూలల్ని నలభై అయిదు డిగ్రీలకు కోసేసి తిన్నని గీతలతోనే సరిపెడతాడు. మొదటి ఏ కంటే మూడో ఏ కాస్త బొద్దుగా వస్తుంది. హెచ్ దగ్గరికి వచ్చేసరికి చోటు తగ్గుతుంది, కొంచెం ఇరికిస్తాడు. ఎడమవైపు ముగించి కుడివైపు వెళ్లేసరికి ఎడమవైపు కొలతలు గుర్తుండవు. రంగు ఆరేటప్పటికి విమానం ఎగరడానికి సిద్ధం. అధికారి వచ్చి, దూరం నుంచి చదివి, సరే అంటాడు. ఆయనకు కావలసింది అక్షరం తెలియడం.

ఇలాంటి పనిని చూసి ఊరుకోవడం మోడలర్ల వల్ల కాదు. అసలు విమానం మీది అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు మోడల్ మీదకు దించితే చూసినవాళ్లు 'డెకాల్ వంకరగా అంటించావు' అంటారు. (డెకాల్ అంటే అక్షరాలు అచ్చువేసి మోడల్ మీద అంటించే పల్చని ఫిల్ము.) వంకర నిజమని ఫోటో చూపిస్తే ఫోటోనే అనుమానిస్తారు. అనుమానించడానికి తగిన కారణాలూ ఉన్నాయి. ఫోటో ఏటవాలుగా తీసింది, ఫ్యూజిలేజ్ గుండ్రం, కాబట్టి అక్షరం వంగి కనిపిస్తుంది. పైగా ఆనాటి ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు తెలిసేది కాదు, ఎర్రని అక్షరం నల్లగా పడేది. మ్యూజియంలో ఉన్న విమానాన్ని చూద్దామా అంటే, మళ్లీ రంగులేసినవాళ్ల మీద నమ్మకం ఉండాలి. చివరకు తేలేదేమంటే, అసలు విమానం తన గురించి తాను చెప్పడానికి అర్హమైన సాక్షి కాదు. దాని కంటే కిట్టు పెట్టెలోని కాగితం నయం. అయితే ఆ కాగితం తప్పని అందరికన్నా ముందు చెప్పేదీ వీళ్లే, వేరే కంపెనీ డెకాల్ షీటు కొనడానికి.

స్టెన్సిల్ కోసి నేరుగా రంగు కొట్టేవాళ్ల గురించి ఒక మాట. వాళ్లు డెకాల్ పక్షాన్ని చిన్నచూపు చూస్తారు, ఫిల్ము అంచు వెలుతురులో మెరుస్తుందని. డెకాల్ పక్షం కింద నిగనిగలాడే వార్నిషు పూసి, పైన మెత్తబరిచే ద్రవం రాసి, గాలి బుడగ లేకుండా చేశామని ప్రమాణం చేస్తుంది. తెల్లక్షరాల దగ్గర మాత్రం ఇద్దరూ దిగాలుపడతారు. మామూలు ప్రింటర్‌లో తెల్ల ఇంకు ఉండదు, ఇంట్లో అచ్చు వేసుకున్నవాడికి తెల్లని ఎన్ అక్షరం పారదర్శకంగా వస్తుంది. అసలు పెయింటరు మాత్రం తెల్ల డబ్బా మూత తీసి బ్రష్ ముంచేవాడు. ఇది సాంకేతిక ప్రగతి మీద విమర్శ కాదు, ఊరికే రికార్డులో ఉండాలని.

ఇక బ్రష్ పట్టి చేత్తో రాసేవాడు ఒకడుంటాడు. వాడి అక్షరాలు ఒకదానితో ఒకటి పోలవు, కుడి ఎడమలు కలవవు, మూలలు కోసినట్టుంటాయి. అన్ని విధాలా 1930 నాటి పెయింటరు పనే అది. అందుకే పోటీల్లో వాడికి బహుమతి ఇవ్వకూడదని నా అభిప్రాయం. వాస్తవికతకు కూడా ఒక హద్దుండాలి.

నా వరకు విమానయాన సంస్థకు ఒకే విన్నపం. ఎగురుతున్న విమానాలన్నిటినీ విడతలవారీగా కిందికి దించి, మోడలర్లు ఒప్పుకున్న డెకాల్ షీట్ల ప్రకారం అక్షరాలు తిరిగి రాయించాలి. ఏ షీటు అన్నది మోడలర్లు ఒప్పుకున్న తర్వాతే మొదలుపెట్టాలి కాబట్టి విమాన సర్వీసులకు ఇప్పట్లో ఏ అంతరాయమూ ఉండదు.

ఈ రగడలో అందరూ మరచిపోయింది హైఫన్‌ని. నియమం ప్రకారం హైఫన్ పొడవు కూడా అక్షరం ఎత్తులో మూడింట రెండు వంతులే, అంటే 1/72లో 2.8 మిల్లీమీటర్లు. కీబోర్డు మీద నొక్కితే హెల్వెటికాలో వచ్చే హైఫన్ అందులో సగం. దాని అన్న, పొడవు డ్యాష్, నియమాన్ని దాటిపోతుంది, పైగా బక్కపలచన. రెండూ పనికిరావు కాబట్టి 2.8 పొడవు, 0.7 మందంతో ఒక నల్లని దీర్ఘచతురస్రం గీసుకోవడమే మార్గం. ఆ దీర్ఘచతురస్రం ఏ ఫాంటులోదని అడిగేవాళ్లకు ఏం చెప్పాలో ఒక ఉపసంఘం వేసి తేల్చాలి.